ఒకే బ్యాలేను మళ్లీ మళ్లీ చూడడం: వృత్తి బ్యాలే లోకాన్ని అనుసరించాలనుకునే ప్రేక్షకులకు సమగ్ర మార్గదర్శి

బ్యాలే మీద ఆసక్తి కలిగిన కొత్తలో చాలామంది వీలైనన్ని రచనలను, వీలైనన్ని బృందాలను త్వరత్వరగా చూసేయాలని ఆరాటపడతారు. నేనూ అదే చేశాను. రెండేళ్లు గడిచేసరికి ఇరవైకి పైగా కథలు నోటికి వచ్చాయి గానీ, ఒక నర్తకి ఆ పాత్రను అసాధారణంగా చేసిందో, మామూలుగా చేసిందో చెప్పగల చూపు మాత్రం రాలేదు. ఒకే బ్యాలేను వేర్వేరు తారాగణాలతో మళ్లీ మళ్లీ చూడడం మొదలుపెట్టిన తరువాతే ఆ చూపు వచ్చింది. కింది మెట్లన్నీ ఆ పద్ధతిని ఆధారం చేసుకున్నవే. వీటిని వరుసగా పాటిస్తే ఒక ఏడాదిలోనే మీరు తారాగణం జాబితా చూసి ఏ రోజు టికెట్ కొనాలో స్వయంగా నిర్ణయించుకోగలుగుతారు.

మొదటి మెట్టు: ఒక్క బ్యాలేను ఎంచుకోండి

నా సలహా ‘జిజెల్’. పారిస్ ఒపెరాలో 1841 జూన్ 28న తొలిసారి ప్రదర్శితమైన ఈ బ్యాలేకు అదాల్ఫ్ ఆదాం సంగీతం సమకూర్చగా, ఝాన్ కొరల్లీ, జూల్ పెర్రో నృత్యకల్పన చేశారు. నాయిక పాత్రను తొలిసారి ధరించినది కార్లోటా గ్రీసీ. ఇప్పుడు మనం చూసే రూపం మాత్రం చాలావరకు మారియస్ పెటిపా సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పందొమ్మిదో శతాబ్ది చివరి దశాబ్దాలలో తీర్చిదిద్దినదాని నుంచి వచ్చింది. దీన్నే ఎంచుకోమనడానికి రెండు కారణాలున్నాయి. అంకాలు రెండే కాబట్టి కథ పట్టుకోవడం తేలిక. పైగా మొదటి అంకంలో నటన ప్రధానం, రెండో అంకంలో నృత్యం ప్రధానం. ఒకే సాయంత్రం ఆ నర్తకి రెండు శక్తులూ బయటపడతాయి. ఒకటి ఉండి రెండోది లేనివారు ఈ బ్యాలేలో దాక్కోలేరు.

కథను ముందే చదువుకుని వెళ్లండి. కథ తెలిస్తే ఉత్కంఠ పోతుందన్న భయం బ్యాలే విషయంలో అక్కర్లేదు. పల్లెపిల్ల జిజెల్, మారువేషంలో వచ్చిన ప్రభువు ఆల్బ్రెక్ట్‌ను ప్రేమిస్తుంది. ఆమెను ప్రేమించిన హిలారియన్ ఆ మోసాన్ని అందరి ముందూ బయటపెట్టగా, ఆమె మతి చలించి ప్రాణం విడుస్తుంది. రెండో అంకంలో, పెళ్లికి ముందే చనిపోయిన కన్యల ఆత్మలైన విలీలు, తమ రాణి మిర్తా ఆజ్ఞ మేరకు, అర్ధరాత్రి అడవిలో చిక్కిన మగవాణ్ణి చచ్చేదాకా ఆడిస్తారు. సమాధిలోంచి లేచిన జిజెల్ తెల్లవారేదాకా ఆల్బ్రెక్ట్‌ను కాచుకుంటుంది. కథ ఇంతే. ఇక మిగిలిన రెండు గంటలూ మీ కళ్లు ఎక్కడ ఉండాలన్నదే ప్రశ్న.

రెండో మెట్టు: ముందు చెవిని సిద్ధం చేసుకోండి

ప్రదర్శనకు వారం ముందు నుంచి ఆ సంగీతాన్ని కనీసం రెండుమూడు సార్లు వినండి. శ్రద్ధగా కూర్చుని వినాల్సిన పని కూడా లేదు. పని చేసుకుంటూ విన్నా సరిపోతుంది. జిజెల్ మొదటి అంకంలో ఆమె ఒక పువ్వు రేకులు ఒక్కొక్కటే తుంచుతూ ‘ప్రేమిస్తున్నాడు, ప్రేమించడం లేదు’ అని లెక్కపెట్టుకునే చోట ఒక లేత స్వరబంధం వినిపిస్తుంది. మతి చలించిన ఘట్టంలో, లేని పువ్వును పట్టుకుని ఆమె మళ్లీ ఆ రేకులు తుంచుతున్నట్టు చేసినప్పుడు అదే స్వరబంధం జ్ఞాపకంలా తిరిగి వస్తుంది. చెవికి ఆ స్వరం ముందే అలవాటైన ప్రేక్షకుడికి ఆ క్షణంలో గొంతులో ఏదో అడ్డుపడుతుంది. అలవాటు లేనివాడికి ఒక పిచ్చిపిల్ల గాలిలో వేళ్లు కదపడమే కనిపిస్తుంది.

సంగీతం తెలిస్తే మరొక లాభం ఉంది. నర్తకి అడుగు సరిగ్గా తాళం మీద పడుతున్నదా, తాళాన్ని కొద్దిగా సాగదీసి చివరిలో అందుకుంటున్నదా అన్నది మీకు పట్టుబడుతుంది. రసికులు ‘సంగీతజ్ఞానం ఉన్న నర్తకి’ అని మెచ్చుకునేది దీన్నే.

మూడో మెట్టు: కొంచెం పరిభాష, కొంచెం అభినయం

బ్యాలే పదాలు దాదాపు అన్నీ ఫ్రెంచివే. అందులో పది తెలిస్తే మొదటి ఏడాదికి చాలు. ఒంటి కాలి మీద నిలిచి రెండో కాలిని వెనక్కి నిటారుగా చాపితే అరబెస్క్. ఆ వెనక కాలు మోకాలి దగ్గర వంగితే ఆటిట్యూడ్. ఒంటి కాలిపై గిర్రున తిరగడం పిరువెట్. గాల్లోకి ఎగిరి పాదాలను వేగంగా ఒకదాని ముందొకటి మార్చి కొట్టడం ఆంత్రషా. ఇద్దరు కలిసి చేసేది పా ద దూ. పెటిపా కాలపు రచనల్లో అది దాదాపు ఎప్పుడూ ఒకే క్రమంలో సాగుతుంది: ఇద్దరి నిదానమైన నృత్యం, తరువాత పురుషుని ఒంటరి నృత్యం, స్త్రీ ఒంటరి నృత్యం, చివరికి ఇద్దరూ కలిసి ముగించే వేగవంతమైన కోడా. ఈ క్రమం తెలిసిన ప్రేక్షకుడు ఎక్కడ ఊపిరి బిగబట్టాలో, ఎక్కడ చప్పట్లు కొట్టాలో తికమకపడడు.

అభినయ సంకేతాలు ఇంకా తక్కువ. తల పైన చేతులు ఒకదాని చుట్టూ ఒకటి తిప్పితే నృత్యం; చెయ్యి ముఖం చుట్టూ తిప్పితే అందం; ఉంగరపు వేలిని చూపిస్తే పెళ్లి; రెండు వేళ్లు పైకెత్తితే ప్రమాణం; పిడికిళ్లు బిగించి మణికట్లను కిందికి అడ్డంగా పెడితే మృత్యువు. జిజెల్ మొదటి అంకంలో ఆల్బ్రెక్ట్ రెండు వేళ్లెత్తి ప్రమాణం చేయబోగా ఆమె ఆ చేతిని ఆపుతుంది. చాలామంది గమనించకుండా వదిలేసే ఆ చిన్న కదలికలోనే రాబోయే విషాదమంతా ఉంది. అలాగే ఆమె తల్లి బెర్తా, విలీల కథను చేతులతో చెప్పే ఘట్టం ఒకటి ఉంటుంది. కొన్ని నిర్మాణాలలో (ప్రొడక్షన్లలో) దీన్ని బాగా కుదించేస్తారు. పూర్తిగా ఉంచిన నిర్మాణం దొరికితే దాన్నే ఎంచుకోండి. రెండో అంకంలో తెర లేవకముందే ప్రేక్షకులకు భయం పుట్టించే పని ఆ తల్లిదే.

నాలుగో మెట్టు: టికెట్ కొనేముందు చూసుకోవలసినవి

ముందుగా గుర్తుంచుకోవలసింది, బ్యాలే వేరు, నిర్మాణం వేరు. స్వాన్ లేక్ అని రాసి ఉన్నంత మాత్రాన ప్రతిచోటా ఒకటే కనబడదు. 1877లో మాస్కోలోని బల్షోయ్ రంగశాలలో తొలిసారి వచ్చిన ఆ బ్యాలేను, పెటిపా, లెవ్ ఇవనోవ్ కలిసి 1895లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కొత్తగా రూపొందించారు. ఈనాటి నిర్మాణాలలో ఎక్కువ భాగానికి మూలం అదే. సరస్సు ఒడ్డున జరిగే హంసల అంకాలు ఇవనోవ్‌వి, రాజభవనపు అంకాలు పెటిపావి. అయినా ఒకచోట ప్రేమికులిద్దరూ సరస్సులో దూకి మరణిస్తారు, మరొకచోట మాంత్రికుణ్ణి ఓడించి సుఖంగా ఉంటారు. 1995లో మాథ్యూ బోర్న్ చేసిన నిర్మాణంలో హంసలంతా పురుషులే. కాబట్టి ప్రకటనలో ‘ఎవరి నిర్మాణం’ అన్న వరుసను తప్పక చదవండి.

తరువాత తారాగణం. పెద్ద బృందాలు ప్రధాన పాత్రధారుల పేర్లను ప్రదర్శనలకు ముందుగానే ప్రకటిస్తాయి. ఒకే బ్యాలేకు నాలుగైదు జంటలుండడం మామూలే. గాయాల వల్ల చివరి నిమిషంలో మార్పులు జరుగుతూనే ఉంటాయి. అలా వచ్చిన మార్పుకు నిరాశపడి టికెట్ అమ్ముకోకండి. సిద్ధంగా లేకుండానే రంగంలోకి దిగిన నర్తకుల ప్రదర్శనలు కొన్నిసార్లు మహా గొప్పగా ఉంటాయి.

సీటు విషయంలో నేను ఒకసారి మోసపోయాను, అదీ నా చేతులారానే. గుర్రపు నాడా ఆకారంలో ఉన్న ఒక పాత రంగశాలలో, వేదికకు బాగా దగ్గరగా, బాగా చవగ్గా, పక్క బాక్సులో చోటు దొరికిందని సంబరపడి కొన్నాను. జిజెల్ రెండో అంకం. ఆమె సమాధిని సాధారణంగా వేదిక మధ్యలో పెట్టరు, ఒక పక్కకు పెడతారు. అది సరిగ్గా నేను కూర్చున్న పక్కనే ఉంది. ఆమె సమాధిలోంచి లేచిన క్షణాన నాకు కనబడినవి ఎదుటి బాక్సుల్లోని ప్రేక్షకుల ముఖాలు మాత్రమే. వాళ్లు చూస్తున్నది చాలా బాగుందని వాళ్ల ముఖాలే చెప్పాయి. అప్పటి నుంచి నా నియమం ఇది: మొదటిసారి చూస్తున్నప్పుడు పై అంతస్తు మధ్యలో కూర్చోవాలి, ఎందుకంటే బృందనర్తకుల వరుసలు, వలయాలు, ఒకదానిలోంచి మరొకటి దాటుకుపోవడం పైనుంచే అర్థమవుతాయి. రెండోసారి, వీలైతే, కింద ముందు వరుసలకు దగ్గరగా కూర్చుని ముఖాలను, పాదాలను చూడాలి. చిన్న దుర్భిణీ పై అంతస్తులో ఉపయోగమే గానీ, దాన్ని కళ్లకు కట్టుకుని కూర్చుంటే వేదిక మొత్తం పోతుంది. అభినయ ఘట్టాలకు మాత్రమే వాడండి.

ఐదో మెట్టు: రంగశాలలో

ఆలస్యంగా వస్తే విరామం దాకా బయటే నిలబడాల్సి రావచ్చు కాబట్టి ముందే చేరుకోండి. తారాగణం కాగితం తీసుకుని, చిన్న పాత్రల పేర్లు కూడా చదవండి. ఒంటరి నృత్యం ముగిశాక చప్పట్లు కొట్టడం బ్యాలేలో మర్యాదే. సంగీత కచేరీలలోలా చివరిదాకా ఆగనవసరం లేదు. నచ్చిన పురుషునికి బ్రావో, స్త్రీకి బ్రావా, ఇద్దరికీ కలిపి బ్రావీ అంటారు. స్వాన్ లేక్ మూడో అంకంలో నల్లహంస చేసే 32 ఫుయెతేల (ఒంటి కాలిపై నిలిచి, రెండో కాలిని కొరడాలా విసురుతూ వరుసగా తిరిగే చుట్ల) దగ్గర మాత్రం ఒక విన్నపం. 1895 నిర్మాణంలో పియెరీనా లెన్యాని చేసినప్పటి నుంచి ఆ లెక్క ఒక పందెంలా మారిపోయింది. పదహారోది కాకముందే మొదలయ్యే చప్పట్లలో ఆర్కెస్ట్రా వినిపించదు, తాళం దొరక్క తిప్పలు పడేది ఆ నర్తకే. లెక్కపెట్టడం మానేసి, ఆమె ఒకేచోట నిలిచి తిరుగుతున్నదా, కొద్దికొద్దిగా జారిపోతున్నదా అని చూడండి.

ఆరో మెట్టు: రెండో తారాగణం

ఈ మార్గదర్శిలో ఒక్క మెట్టే పాటించే ఓపిక ఉంటే, ఇదే పాటించండి. అదే నిర్మాణాన్ని, అదే నెలలో, వేరే జంటతో మళ్లీ చూడండి. అడుగులు దాదాపు అవే, సంగీతం అదే, దుస్తులూ అవే. ఇక తేడాగా మిగిలేది మనిషే.

ఒక ఉదాహరణ. రెండో అంకంలో మిర్తా ఆజ్ఞతో జిజెల్ ముసుగు తొలగిపోతుంది. చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టుకుని, తల వంచి నడచి వచ్చి, హఠాత్తుగా ఒక కాలు వెనక్కి ఎత్తి, మరో కాలిపై చిన్నగా ఎగురుతూ అక్కడికక్కడే సుడిగాలిలా తిరుగుతుంది. నేను వారం తేడాతో ఇద్దరిని చూశాను. మొదటి ఆమె చేతులూ, మెడా ఒంటి వేగానికి ఒక క్షణం వెనకబడి కదిలాయి; ఎవరో ఆమెను తిప్పుతున్నట్టు, తన ఒంటి మీద తనకే అధికారం లేనట్టు అనిపించింది. రెండో ఆమె తల పైకెత్తి, ఛాతీ ముందుకు తెచ్చి తిరిగింది. బతికుండగా గుండె జబ్బు వల్ల వద్దన్న నృత్యం చచ్చాక దొరికిందన్న ఆనందం అందులో ఉంది. రెండూ సరైనవే. కానీ ఆ రెండోది చూసేదాకా మొదటిది ఒక నిర్ణయమని, అలా కాకుండా వేరేలా కూడా చేయవచ్చని నాకు తట్టనే లేదు.

ఆల్బ్రెక్ట్ విషయంలోనూ ఇలాంటి చోటు ఒకటి ఉంది. మిర్తా అతణ్ణి అలసిపోయేదాకా ఆడించే ఘట్టంలో కొందరు ఉన్నచోటే నిలిచి వరుసగా ఆంత్రషాలు చేస్తారు. ఇంకొందరు గాల్లో పాదాలు కొట్టుకుంటూ వేదికను అడ్డంగా కోసుకుంటూ మిర్తా వైపు లాగబడుతున్నట్టు బ్రిజేలు చేస్తారు. ఎవరు ఏది ఎంచుకున్నారో రాసుకోండి. ఆ ఎంపిక వెనక ఆ నర్తకుని బలమూ ఉంటుంది, పాత్ర గురించి అతని అభిప్రాయమూ ఉంటుంది.

తొలిరోజు తారాగణమే అసలైనదన్న భ్రమ కూడా ఈ అలవాటుతో వదులుతుంది. కెన్నెత్ మెక్‌మిలన్ తన రోమియో అండ్ జూలియట్‌ను లిన్ సీమోర్, క్రిస్టఫర్ గేబుల్‌ల మీద మలిచారు. కానీ 1965లో లండన్‌లోని రాయల్ బ్యాలే బృందం ఇచ్చిన తొలి ప్రదర్శనలో వేదిక ఎక్కింది మాత్రం మార్గట్ ఫాంటేన్, రుడాల్ఫ్ నురేయెవ్.

ఏడో మెట్టు: బృందాలు, హోదాలు, శైలులు

ఒక బ్యాలే మీకు బాగా తెలిశాక, బృందాల మధ్య తేడాలు వాటంతట అవే కనిపిస్తాయి. డెన్మార్క్ వారిది బూర్నోన్‌విల్ సంప్రదాయం: చేతులు కిందుగా, ప్రశాంతంగా ఉంటాయి, శ్రమంతా పాదాలది, ముఖానికి దాని ఊసే తెలియదు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని మరియిన్‌స్కీ బృందపు నర్తకులలో అగ్రిపినా వగానొవా బోధన వల్ల వీపు, చేతులు ఒకే ఊపిరితో కదులుతాయి. ఫ్రెడరిక్ ఆష్టన్ రచనలలో పెరిగిన రాయల్ బ్యాలే వారు నడుము దగ్గర ఉదారంగా వంగుతారు, పాదాలు చురుగ్గా ఉంటాయి. జార్జ్ బలాన్‌షిన్ 1948లో లింకన్ కిర్‌స్టైన్‌తో కలిసి స్థాపించిన న్యూయార్క్ సిటీ బ్యాలేలో వేగం ఎక్కువ, కథ తక్కువ. ఒకే సాయంత్రం మూడు నాలుగు చిన్న రచనలు వేస్తారు. కథ లేదని నిరుత్సాహపడకండి. సంగీతాన్ని కళ్లతో వినడం నేర్చుకోవడానికి అంతకు మించిన బడి లేదు.

హోదాలు తెలుసుకుంటే వార్తలు అర్థమవుతాయి. అమెరికా బృందాలలో సాధారణంగా మూడే మెట్లు: కోర్ డె బ్యాలే (బృందనర్తకులు), సోలోయిస్ట్ (ఒంటరి నృత్యాలు చేసేవారు), ప్రిన్సిపల్ (ప్రధాన పాత్రధారులు). రాయల్ బ్యాలేలో ఆర్టిస్ట్ నుంచి ప్రిన్సిపల్ దాకా ఐదు. పారిస్ ఒపెరాలో కద్రీ, కోరిఫే, సూజే, ప్రమియే దాన్సర్, అన్నిటికీ పైన ఎత్వాల్. ఆ చివరి హోదాను ప్రదర్శన ముగిశాక, వేదిక మీదే, ప్రేక్షకుల ఎదుటే ప్రకటించడం అక్కడి ఆనవాయితీ. సిల్వీ గిలెమ్‌కు 1984లో 19 ఏళ్ల వయసులో ఆ హోదా దక్కింది. ఎత్వాల్‌లు 42 ఏళ్లకు బృందం నుంచి విరమిస్తారు. ఆ వీడ్కోలు ప్రదర్శనల టికెట్లకు పెద్ద పోటీ.

ఎనిమిదో మెట్టు: ఏడాది క్యాలెండర్

బృందాల సీజన్ సాధారణంగా సెప్టెంబరు ప్రాంతంలో మొదలై జూన్, జూలైలలో ముగుస్తుంది. పదోన్నతులు ఎక్కువగా సీజన్ చివరలో ప్రకటిస్తారు. ఏటా మొదట్లో జరిగే ప్రి ద లోజాన్, 1973 నుంచి 15–18 ఏళ్ల విద్యార్థుల కోసం నడుస్తున్న పోటీ. దాన్ని ఇంటి నుంచే చూడవచ్చు, రేపటి పేర్లు అక్కడే పరిచయమవుతాయి. 2014లో మొదలైన వరల్డ్ బ్యాలే డే సందర్భంగా పెద్ద బృందాలు తమ రోజువారీ తరగతులను, రిహార్సళ్లను ఉచితంగా ప్రసారం చేస్తాయి. వేదిక మీద మెరిసే ప్రిన్సిపల్ కూడా ప్రతి ఉదయం కమ్మీ పట్టుకుని, మోకాళ్లు వంచే ప్లియేలతోనే రోజు మొదలుపెట్టడం అక్కడ చూడవచ్చు.

డిసెంబరులో చాలా బృందాలు నట్‌క్రాకరే వేస్తాయి. అనుభవజ్ఞులైన ప్రేక్షకులు కొందరు పిల్లల బ్యాలే అని దాన్ని తప్పించుకుంటారు. అది పొరపాటని నా అభిప్రాయం. వారాల తరబడి రోజూ ప్రదర్శనలుండడంతో, మామూలుగా వెనక వరుసలో ఉండే యువ నర్తకులకు పెద్ద పాత్రలు తొలిసారి దక్కేది అప్పుడే, అందునా మధ్యాహ్నపు ఆటలలో. టికెట్ కొనేముందు తారాగణంలో ‘తొలి ప్రదర్శన’ అన్న గుర్తు ఎవరి పేరు పక్కన ఉందో వెతకండి.

సినిమా హాళ్లలోని ప్రసారాలు, రికార్డింగులు రంగశాలకు దూరంగా ఉన్నవారికి వరం. అయితే ఎప్పుడు పాదాలు చూడాలో, ఎప్పుడు ముఖం చూడాలో కెమెరాయే నిర్ణయిస్తుంది. విలీలు రెండు వైపుల నుంచి అరబెస్క్‌లో ఎగురుతూ ఎదురెదురుగా దాటుకునే ఘట్టాన్ని దగ్గరి షాట్లు ముక్కలు చేసేస్తాయి. రచనను నేర్చుకోవడానికి రికార్డింగు చాలు. నర్తకిని తూచడానికి మాత్రం చాలదు. ఆ ఘట్టంలో విలీల పాదాలు వేదికను తాకే చప్పుడు కూడా రంగశాలలోనే వినబడుతుంది. వేళ్ల కొనల మీద నిలవడానికి గుడ్డ, కాగితం, జిగురు పొరలతో గట్టిపరచిన పాయింట్ షూల చప్పుడు అది. వాటిని నర్తకులు తమకు నప్పేలా వంచి, కొట్టి, రిబ్బన్లు తామే కుట్టుకుంటారు. కష్టమైన పాత్రయితే ఒక జత ఒక్క సాయంత్రంలోనే మెత్తబడి పనికిరాకుండా పోతుంది.

తొమ్మిదో మెట్టు: నోటు పుస్తకం

సమీక్షలు చదవండి, కానీ మీరు రాసుకున్న తరువాతే. ఇంటికి చేరిన రాత్రే తేదీ, నిర్మాణం, తారాగణం, సంగీత నిర్దేశకుని పేరు, మీకు గుర్తున్న మూడు క్షణాలు రాయండి. ‘అద్భుతం’ అని రాస్తే ఆరు నెలల తరువాత అది మీకేమీ చెప్పదు. ‘మతి చలించిన ఘట్టంలో ఆమె కత్తిని మొన వైపు పట్టుకుని నేల మీద ఈడ్చింది’ అని రాస్తే ఆ రాత్రంతా తిరిగి వస్తుంది. నర్తకుల శరీరాల గురించి, బరువు గురించి వ్యాఖ్యలు రాసే అలవాటు మాత్రం పుస్తకంలో కూడా చేసుకోకండి. అది విమర్శ కాదు. రంగశాల వెనక ద్వారం దగ్గర వారిని కలిస్తే రెండు మాటలు చాలు, ఆ రెండూ వారు వేదిక మీద చేసిన ఒకానొక పని గురించి అయితే ఇంకా మంచిది. రెండు గంటలు ఆడి వచ్చిన మనిషికి ఇంటికి వెళ్లాలని ఉంటుంది.

ప్రతి ప్రదర్శనలోనూ బృందనర్తకులలో ఒక్కరినైనా ఎంచుకుని, వేదిక మీద వారి స్థానం రాసుకోండి. మరుసటి రోజు బృందం వెబ్‌సైటులోని ఫోటోలతో సరిచూసి, ఆ పేరు కూడా పక్కన చేర్చండి. నా పాత పుస్తకంలో ఒక పేజీలో ‘ఎడమ నుంచి మూడో విలీ, మెడ పొడవు, చేతులు ఎప్పుడూ చివరగా ఆగుతాయి’ అని ఉంది. నాలుగు సీజన్ల తరువాత, ఒక బుధవారం మధ్యాహ్నపు ఆటలో మిర్తాగా ఆమె పేరు కనిపించింది. సగం ఖాళీగా ఉన్న హాలులో, ఈసారి పై అంతస్తు మధ్య వరుసలో, చీకటిపడ్డ అడవిలోకి ఆమె ఒంటరిగా, వేళ్ల కొనల మీద చిన్న చిన్న అడుగులతో జారుకుంటూ వచ్చింది. వేదిక దాటి అవతలికి చేరి ఆగినప్పుడు, చేతులు అందరికంటే చివరగా ఆగాయి.